రెండు డిగ్రీల నీళ్లలోకి దిగే ముందు

(విశాఖపట్నంలో ప్రయాణాలంటే ఇష్టపడే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదట ఒక ప్రశ్న అడుగుతాను. కార్తీక మాసంలో తెల్లవారుజామున నదిలోనో, నూతి దగ్గరో తలస్నానం చేసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మొదటి చెంబు నెత్తిన పడగానే ఏమవుతుంది? "హా" అని నోరు తెరుచుకుంటుంది. మీరు తెరవలేదు, దానంతట అదే తెరుచుకుంది. ఊపిరి గబగబా ఆడుతుంది, గుండె దడదడలాడుతుంది. నాలుగైదు చెంబులు పోసుకున్నాక సర్దుకుంటుంది. అవునా? ఆ "హా" గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇంకో ప్రశ్న. ఋషికొండలోనో, అండమాన్‌లోనో స్కూబా డైవింగ్ చేసినవాళ్లు? పది పన్నెండు మంది కనిపిస్తున్నారు. మీరు దిగిన నీళ్లు 27, 28, ఒక్కోసారి 30 డిగ్రీలు. పల్చటి సూట్ వేసుకుని దిగారు, కొందరు టీ షర్టుతోనే దిగి ఉంటారు. గంటసేపు ఉండి నవ్వుతూ బయటికి వచ్చారు. డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ తర్వాత ఏడాది ఐస్‌లాండ్ ట్రిప్ వేసుకున్నారు. అక్కడ రెండు భూఖండాల మధ్య పగులులో డైవ్ చేయొచ్చట అని ఎక్కడో చూశారు. నాకు మెసేజ్ పెడతారు: "అన్నా, సర్టిఫికెట్ ఉంది కదా, బుక్ చేసుకోనా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఈరోజు మాట్లాడేదంతా దానికి జవాబే. తప్పకుండా వెళ్లండి. కానీ చలినీళ్లలో డైవ్ చేయడం వేరే చోట నేర్చుకుని, ఆ తర్వాత అక్కడికి వెళ్లండి. మీ ప్రయాణంలో అన్నిటికంటే గొప్ప రోజును మీ మొదటి పాఠం చేసుకోకండి.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. ఎందుకంటే ఆ చోటు గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, చలితో కాదు. దాని పేరు సిల్ఫ్రా. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ నుంచి కారులో ముప్పావుగంట ప్రయాణం. థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్క్ లోపల ఉంటుంది. క్రీ.శ. 930లో ఐస్‌లాండ్ ప్రజలు తమ పార్లమెంటు అయిన ఆల్థింగ్ సభను అక్కడే, ఆరుబయట పెట్టుకున్నారు. 2004లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

భూమి పైపొరలోని రెండు పెద్ద పలకలు, ఉత్తర అమెరికా పలక, యూరేషియా పలక, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్న ప్రాంతమది. 1789లో వచ్చిన భూకంపాలతో సిల్ఫ్రా పగులు తెరుచుకుంది. ఇక్కడ ఒక మాట. ఒక చెయ్యి అమెరికా మీద, ఒక చెయ్యి యూరప్ మీద పెట్టినట్టు ఫొటోలు చూసి ఉంటారు. నిజానికి రెండు పలకల మధ్య కొన్ని కిలోమీటర్ల వెడల్పున లోయ ఉంది. అందులో చాలా పగుళ్లు ఉన్నాయి, సిల్ఫ్రా వాటిలో ఒకటి. ఫొటో దిగండి, నేనూ దిగాను. కానీ అక్కడి అద్భుతం అది కాదు. అక్కడి అద్భుతం నీళ్లు.

లాంగ్‌యోకుల్ అనే పెద్ద హిమానీనదం అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. అది కరిగిన నీళ్లు నేల మీద పారవు. లావా రాళ్ల సందుల్లోకి ఇంకి, భూమి లోపలే నడిచి వస్తాయి. ఎంతకాలం? 30 నుంచి 100 ఏళ్లు! మనం దిగే నీటిబొట్టు మన తాతల కాలంలో బయల్దేరి ఉండొచ్చు. అన్నేళ్లు రాళ్లలో వడకట్టుకుని వచ్చిన నీళ్లు కాబట్టి, లోపల వంద మీటర్లకు పైగా కనిపిస్తుంది. మన తీరంలో ఐదారు మీటర్లు కనబడితే పండగ చేసుకుంటాం కదా! అక్కడ కెథెడ్రల్ అని పిలిచే భాగంలోకి రాగానే, ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం పగులు ఒకేసారి కళ్ల ముందు ఉంటుంది. నీలం రంగు గోడలు, పైన ఆకాశం. నీళ్లలో ఉన్నామనిపించదు, గాల్లో వేలాడుతున్నామనిపిస్తుంది. చేపలు దాదాపు ఉండవు. కొన్ని చోట్ల పచ్చటి నాచు జుట్టులా ఊగుతూ ఉంటుంది, అంతే. చేపల కోసం వెళ్లే చోటు కాదది.

ఆ నీళ్లు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీలు. ఎండాకాలమైనా అంతే, చలికాలమైనా అంతే. కింది నుంచి ఊరుతూ, కదులుతూ ఉంటాయి కాబట్టి గడ్డకట్టవు. లంబసింగి వెళ్లినవాళ్లున్నారా? అక్కడ జనవరి తెల్లవారుజామున రెండు మూడు డిగ్రీలుంటే స్వెట్టరు, మంకీ క్యాప్, చలిమంట అన్నీ కావాలి. అది గాలి. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. లంబసింగి చలిని నీళ్లుగా మార్చి అందులో అరగంట ఉండాలి. ఇప్పుడు అర్థమైందా, అండమాన్ సర్టిఫికెట్ ఎందుకు సరిపోదో?

అందుకే ఆ పార్కులో డైవ్ చేయాలంటే డ్రైసూట్ తప్పనిసరి. డ్రైసూట్ సర్టిఫికెట్ ఉండాలి, లేదా డ్రైసూట్‌తో చేసిన 10 డైవ్‌లు లాగ్ బుక్‌లో నమోదై ఉండాలి. 18 మీటర్ల కంటే లోతుకు వెళ్లకూడదు. డైవింగ్ రాకపోతే? స్నార్కెలింగ్ చేయొచ్చు, దానికీ డ్రైసూట్ వాళ్లే ఇస్తారు. నా మాట నమ్మండి, పైన తేలుతూ చూసినా సిల్ఫ్రా సిల్ఫ్రాయే. మీతో వచ్చిన ఇంట్లోవాళ్లు ఒడ్డున కూర్చోనక్కర్లేదు.

సరే, డ్రైసూట్ అంటే ఏమిటి? మనం ఇక్కడ వాడే వెట్‌సూట్ లోపలికి నీళ్లు వస్తాయి. ఆ పల్చటి నీటిపొరను ఒళ్లు వేడిచేసుకుంటుంది. డ్రైసూట్‌లో మెడ, మణికట్టు దగ్గర రబ్బరు సీల్ గట్టిగా పట్టేసి, నీళ్లు అసలు రాకుండా ఆపుతుంది. చాలామంది అనుకుంటారు సూటే వెచ్చగా ఉంచుతుందని. కాదండీ! అది పెద్ద రెయిన్‌కోటు లాంటిది. వెచ్చదనం లోపల వేసుకున్న ఉన్నిబట్టల్లో చిక్కుకున్న గాలిది. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. ఎందుకో చెప్తాను.

నేను కొన్నేళ్లు ఉద్యోగం కోసం అమెరికాలో సియాటిల్ దగ్గర ఉన్నాను. అక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో నీళ్లు మామూలుగా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటాయి. డ్రైసూట్ అక్కడే నేర్చుకున్నాను. చలినీళ్లలో ఏముంటుంది అనుకుంటాం, అక్కడ చూడాలి జీవం! చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, అడుగు నుంచి పోషకాలు పైకి వస్తుంటాయి. మనిషంత పొడుగు చేతులున్న జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ రాతి గుహలోంచి తొంగిచూస్తుంది. సియాటిల్ ఊరి ఒడ్డునే, సీక్రెస్ట్ కోవ్ లాంటి చోట్ల వాటిని పట్టకూడదని 2013లో నిషేధం పెట్టారు. నీళ్లు పాచిరంగులో ఉంటాయి, నాలుగడుగుల దూరం కనబడని రోజులుంటాయి. అయినా ప్రతి శనివారం వెళ్లేవాణ్ని.

కోర్సు అయిపోయింది. ఆ తర్వాత మూడో నాలుగో డైవ్. మా బడ్డీ, అంటే నాకు జతగా దిగిన డైవర్, నాకంటే చాలా అనుభవం ఉన్న మనిషి. ఆ రోజు పొద్దున నేను ఉన్నిబట్టల లోపల మామూలు కాటన్ బనీను వేసుకున్నాను. మనకి చిన్నప్పటి నుంచి నూలుబట్టే మంచిదని కదా అలవాటు! మన ఎండకి నిజంగానే మంచిది, చెమట పీల్చుకుంటుంది. అక్కడ అదే ముప్పయింది. ఒడ్డున సూట్ వేసుకుని, ట్యాంక్ మోసుకుంటూ నడిచేసరికి చెమట పట్టింది. బనీను తడిసింది. తడి నూలు ఆరదు. ఒంటికి తడిగుడ్డ చుట్టుకుని నీళ్లలోకి దిగినట్టయింది నా పని.

పదిహేను నిమిషాలకు వణుకు మొదలైంది. బడ్డీ చేత్తో అడిగాడు, ఓకేనా అని. నేను ఓకే అన్నాను. ఎందుకన్నాను? సిగ్గు. ఆయన కోసం కదా వచ్చాం, ఆయన డైవ్ పాడుచేయడం ఎందుకు అని మొహమాటం. మన మొహమాటం మనందరికీ తెలిసిందే, పెళ్లిలో వద్దనలేక ఇంకో లడ్డూ వేయించుకోవడం లాంటిది. నీళ్లలో ఆ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది. మళ్లీ అడిగాడు. మళ్లీ ఓకే అన్నాను. ఇరవై ఐదు నిమిషాలకు ప్రెషర్ గేజ్, అంటే ట్యాంక్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే మీటరు, చూసుకున్నాను. అంకె కనబడింది. కానీ అది ఎక్కువో తక్కువో నాకు తట్టలేదు. అర్థమవుతోందా? కళ్లకు కనబడింది, బుర్రకు ఎక్కలేదు. అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆయనే దగ్గరికి వచ్చి, గేజ్ చూసి, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి తీసుకొచ్చాడు. పైకి వచ్చాక ఈదడానికి పాదాలకు తొడుక్కునే ఫిన్స్ పట్టీలు నేను విప్పుకోలేకపోయాను. వేళ్లు నావి కావు.

చలి ఒక్కసారిగా మనిషిని పడగొట్టదు. మొదట వేళ్లను తీసుకుంటుంది, తర్వాత తెలివిని తీసుకుంటుంది. తెలివి పోతున్నప్పుడు పోతోందని మనకి తెలియదు. అదే దాని ప్రమాదం.

ఇప్పుడు ఈ బకెట్ సంగతి. ఇందాకటి నుంచి ఇదెందుకు పెట్టారా అని చూస్తున్నారు కదా. ఐసు, నీళ్లు ఉన్నాయి ఇందులో. ఎవరైనా ఒకరు రండి. రా బాబూ, రా. ఈ క్లిప్ చూశావా, డైవింగ్‌లో వాడేది. ఒక చేత్తో తీసి పెట్టు. బాగుంది, చిటికెలో తీశావు. ఇప్పుడు ఆ చెయ్యి మణికట్టు దాకా బకెట్‌లో పెట్టి ఉంచు. తట్టుకోలేకపోతే వెంటనే తీసెయ్, పట్టుదలకు పోకు.

అతని చెయ్యి అందులో ఉండగా, ఇందాకటి "హా" సంగతి చెప్తాను. చలినీళ్లు మొహానికి, మెడకు తగలగానే ఊపిరి దానంతటదే లోపలికి లాగుతుంది. డ్రైసూట్ ఉన్నా మొహం బయటే ఉంటుంది, పెదాలు రెండు నిమిషాల్లో మొద్దుబారతాయి. ట్యాంక్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉందో లేదో పెదాలకు తెలియదు. అందుకే దిగగానే కిందికి వెళ్లిపోకూడదు. ఒడ్డు దగ్గరే మొహం ముంచి, రెగ్యులేటర్‌తో ఊపిరి తీసుకుంటూ, అది నెమ్మదించే దాకా ఆగాలి. ఒకటి రెండు నిమిషాలు చాలు.

బీపీ ఉన్నవాళ్లు దయచేసి వినండి. చలికి కాళ్లూ చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుపోయి, రక్తం ఛాతీ వైపు చేరుతుంది. గుండె మీద భారం పెరుగుతుంది. కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది, బయటి నీళ్లు మింగకుండానే. లోపల ఉండగా దగ్గు, ఆయాసం మొదలైతే డైవ్ అక్కడితో ఆపేయాలి. నలభై ఐదు దాటినవాళ్లు, మందులు వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా టిక్కెట్లు కొనొద్దు. మెడికల్ ఫారంలో అన్నీ "లేదు" అని టిక్కు పెట్టేయడం మనవాళ్లకి అలవాటు. ఆ అలవాటు ఇక్కడ వద్దు.

బాబూ, ఎలా ఉంది? సరే, చెయ్యి తియ్. ఇప్పుడు క్లిప్ తెరువు. చూశారా? చూస్తూనే తీస్తున్నాడు, అయినా రావడం లేదు. మంచి వయసు, ఒడ్డున నిలబడి ఉన్నాడు, చేతికి గ్లోవ్ లేదు. నీళ్లలో ఏడు మిల్లీమీటర్ల గ్లోవ్ ఉంటుంది, కాస్త ఆలస్యంగా ఇదే జరుగుతుంది. అందుకే ఒక చిన్న పరీక్ష చెప్తాను. బొటనవేలితో చిటికెనవేలి కొన తాకించండి. తాకలేకపోతే డైవ్ అయిపోయినట్టే. గాలి ఎంత మిగిలినా, ఎంత డబ్బు కట్టినా, పైకి వచ్చేయాలి. థాంక్స్ బాబూ, టవల్ తీసుకో.

డ్రైసూట్‌లో నేర్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడికి సూట్ ఒంటిని నొక్కుతుంది. ఛాతీ మీదున్న బటన్ నొక్కి కొంచెం గాలి ఎక్కించుకోవాలి. పైకి వచ్చేటప్పుడు ఆ గాలి ఉబ్బుతుంది, ఎడమ భుజం దగ్గరున్న వాల్వ్ లోంచి వదలాలి. తల కిందికి, కాళ్లు పైకి అయ్యాయనుకోండి, గాలంతా కాళ్లలోకి పోతుంది. అక్కడ వాల్వ్ లేదు. బెలూన్‌లా కాళ్లతో పైకి లాగేస్తుంది. అప్పుడు మోకాళ్లు ముడిచి, దొర్లి, తల పైకి తెచ్చుకుని గాలి వదలాలి. వినడానికి తేలిక. ఒక్కసారి చేసి చూడకపోతే ఆ క్షణంలో గుర్తురాదు. అది తెలిసిన స్విమ్మింగ్ పూల్‌లో గురువు పక్కనుండగా జరగాలి, ఐస్‌లాండ్‌లో కాదు.

ఇక మనవాళ్లకు మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది. చేతికి ఎర్రదారం. గుళ్లో కట్టించుకున్నది, వ్రతంలో కట్టుకున్నది. మణికట్టు సీల్ కింద అది ఉంటే, ఆ పక్క నుంచి నీళ్లు సన్నగా లోపలికి వస్తూనే ఉంటాయి. రెండు డిగ్రీల నీళ్లు మోచేతి దాకా పాకుతాయి. దారం తీయడం ఇష్టం లేకపోతే మోచేతి పైకి జరిపి కట్టుకోండి. మెడలో గొలుసులు, చేతి గాజులు, ఉంగరాలు గదిలోనే ఉంచండి. జుట్టు పొడుగ్గా ఉన్న అమ్మాయిలు మెడ సీల్ కింద ఒక్క పోగు కూడా లేకుండా చూసుకోవాలి. పిడికిలి గట్టిగా బిగించకూడదు, మణికట్టు నరాల పక్కన గాడి పడి నీళ్లు దూరతాయి. లోపల బట్టలు ఉన్నివి, లేదా త్వరగా ఆరే సింథటిక్‌వి. కాటన్ వద్దు. సాక్సు కూడా కాటన్‌వి వద్దు.

రెగ్యులేటర్ సంగతి చెప్పి ప్రయాణం విషయానికి వస్తాను. పెర్ఫ్యూమ్ స్ప్రే కాసేపు నొక్కి పట్టుకుంటే డబ్బా చల్లబడుతుంది కదా? ట్యాంక్‌లో గాలి 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. రెగ్యులేటర్ మొదటి దశలో అది ఒక్కసారిగా సుమారు 10 బార్‌కు దిగుతుంది. గాలి అలా విచ్చుకునేటప్పుడు బాగా చల్లబడుతుంది. చుట్టూ నీళ్లు కూడా రెండు డిగ్రీలే అయితే లోపల మంచు పట్టి, వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది. గాలి బుసబుసా పోతూనే ఉంటుంది. దాన్ని ఫ్రీ ఫ్లో అంటారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 250లో 10 డిగ్రీల కంటే తక్కువ నీళ్లకు పనికొచ్చే రెగ్యులేటర్లకు వేరే పరీక్ష ఉంటుంది. అద్దెకు తీసుకుంటే ఆ సంగతి అడగండి. అడగడంలో తప్పులేదు. చలికాలంలో ఒడ్డున గాలి నీళ్లకంటే చల్లగా ఉంటుంది, అక్కడ రెగ్యులేటర్‌తో ఊపిరి తీసి పరీక్షించొద్దు, మన ఊపిరిలోని తేమే గడ్డకడుతుంది. ఫ్రీ ఫ్లో అయితే భయపడి రెగ్యులేటర్‌ని ఉమ్మేయకండి. పెదాల పక్క నుంచి గాలిని పొంగనిస్తూ కొంచెం కొంచెం పీల్చుకుంటూ, బడ్డీతో కలిసి నెమ్మదిగా పైకి రండి. ఇది కూడా ముందే సాధన చేయాల్సిందే.

ప్రయాణం ఎలా వేసుకోవాలి? మనవాళ్లు ఐస్‌లాండ్ ఐదు రోజులు వేసుకుంటారు. డైవింగ్‌ని చివరి రోజుకు ఉంచుతారు, బాగా అనిపించేది ఆఖర్న అని. పొరపాటు. డైవ్ తర్వాత విమానం ఎక్కాలంటే, లోతులో ఒంట్లోకి కరిగిన నైట్రోజన్ బయటికి పోయేదాకా ఆగాలి. డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే లెక్క ప్రకారం ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువైతే 18 గంటలు. నేను పూర్తి రోజు ఉంచుకుంటాను. అలాగని దిగిన మర్నాడే కూడా వద్దు. రెండు విమానాలు మారి, నిద్రలేక, నీళ్లు తాగక అలసిపోయిన ఒళ్లు చలిని తట్టుకోదు. రెండో రోజో మూడో రోజో మంచిది. ముందురోజు రాత్రి మద్యం వద్దు. వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది. పొద్దున బాగా తినండి.

ఇంకోటి, డైవ్ అయిన వెంటనే వేడినీళ్ల కొలను. ఐస్‌లాండ్ నిండా అవే, ప్యాకేజీల్లో రెండూ ఒకే రోజు కలిపి పెడతారు. ఒంట్లో ఇంకా నైట్రోజన్ కరిగి ఉంటుంది. చల్లటి ఒంటిని ఒక్కసారి వేడి చేస్తే అది బుడగలుగా మారే అవకాశం పెరుగుతుంది. పొడిబట్టలు మార్చుకోండి, తీపి కలిపిన వేడి పానీయం తాగండి, నెమ్మదిగా వెచ్చబడండి. కొలనులోకి మర్నాడు వెళ్లొచ్చు, అదెక్కడికీ పోదు.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? మన దేశపు సముద్రంలో ఆ చలి లేదు. కానీ మన తెలుగువాళ్లు లేని ఊరుందా? సియాటిల్‌లో అన్నయ్యో, కాలిఫోర్నియాలో మేనకోడలో, ఇంగ్లండ్‌లో స్నేహితుడో ఉంటారు. వాళ్లను చూడ్డానికి వెళ్లినప్పుడు నేర్చుకోండి. కాలిఫోర్నియాలో మాంటెరే తీరం, ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్‌లో స్టోనీ కోవ్ అనే నీళ్లు నిండిన పాత రాతిగని, ప్యూజెట్ సౌండ్, ఇవన్నీ జనం రోజూ నేర్చుకునే చోట్లే. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ (PADI) డ్రైసూట్ కోర్సులో సముద్రంలోనో సరస్సులోనో చేసే డైవ్‌లు రెండే. అక్కడితో ఆగకండి, ఇంకో ఏడెనిమిది చేయండి. చేతులు అలవాటు పడాలి.

నేను సిల్ఫ్రాలో దిగింది అలా నలభై దాకా డ్రైసూట్ డైవ్‌లు చేశాకే. అప్పుడేమైందో చెప్తాను. చలి వేసింది, వేయదని కాదు. పెదాలు మొద్దుబారాయి, వేళ్లు నొప్పి పెట్టాయి. కానీ వాల్వ్ గురించి ఆలోచించలేదు, సూట్ గురించి ఆలోచించలేదు. చెయ్యి తన పని తను చేసుకుంటోంది, కళ్లు పూర్తిగా ఆ నీలం మీదే ఉన్నాయి. ముప్పై నిమిషాలకు బొటనవేలు చిటికెనవేలిని తాకడం కష్టమైంది. గైడ్‌కి సైగ చేశాను. ఆయన ఒక్కసారి తల ఊపి, పగులు చివర లోతు తక్కువగా ఉండే మడుగు, లగూన్ వైపు తిప్పాడు. ఈసారి మొహమాటపడలేదు.

ప్రశ్నలు అడగండి. ఆ వెనకాల అమ్మాయి? ఆ నీళ్లు తాగొచ్చా అని అడుగుతున్నారు. తాగొచ్చు. లగూన్‌లో పైకి తేలాక రెగ్యులేటర్ తీసి రెండు గుక్కలు తాగాను. ఏ రుచీ లేదు, పళ్లు జివ్వుమన్నాయి. డ్రైసూట్ ఇక్కడ టేబుల్ మీద పెట్టాను, ఒక్కొక్కరుగా వచ్చి మణికట్టు సీల్‌లోంచి చెయ్యి దూర్చి చూడండి. దారం కట్టుకున్నవాళ్లు ముందు రండి, మీ చెయ్యి సీల్ లోంచి పెట్టి బకెట్‌లో ముంచి చూద్దాం.